ఒక పోగు ఎక్కువ

ఓడ పలకల సందుల్లో నీళ్ళు రాకుండా నార కుక్కడం ఆమె పని. అందుకే ఓడలు బాగుచేసే డ్రైడాక్‌లో చిన్నా పెద్దా అందరికీ ఆమె నారత్త. ఆ పని తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆడపిల్లకు సుత్తేమిటని నవ్వినవాళ్ళే తర్వాత ఆమె కుక్కిన ఓడల్లో నిశ్చింతగా నిద్రపోయారు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా, పనిముట్లు కళ్ళకద్దుకుని, "దేవుడా, ఈ ఓడ ఎక్కేవాళ్ళంతా నీ బిడ్డలే" అనుకున్నాకే మొదటి దెబ్బ వేసేది.

ఆ ఏడు బాగుచేతకు వచ్చిన పాత తెరచాప ఓడ ఒకప్పుడు ఆమె తండ్రి నార కుక్కినదే. వడ్రంగులు పుచ్చిన పలకలు తీసి కొత్తవి వేశారు. ఎండలు ముదరకముందే కుడి పక్క అయిపోయింది. ఎడమ పక్క మాత్రం మండుటెండలో, వెల్లకిలా పడుకుని కుక్కి, పైన తారు పూసింది. ఇక ఆరు రోజుల్లో సముద్రానికి పెద్ద పోటు. ఆ రోజే గేట్లు తెరిచి డాక్‌లోకి నీళ్ళు వదలాలి.

ఆ ఉదయం ఒక జల్లు పడి వెలిసింది. నారత్త వచ్చి చూస్తే, ఎడమ పక్క తడిసిన పలకల మధ్య నుంచి తారు బయటికి ఉబికి ఉంది. పక్కనే పలకను పట్టి ఉంచే చెక్కమేకు ఒకటి అరవేలెడు పైకి లేచింది.

ఎండిన పలక ముడుచుకుపోతుంది, నీళ్ళు తాగితే ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు చోటు వదిలి నార కుక్కాలి. ఈ మాట ఆమే ఎంతమందికి చెప్పిందో! కాని నాన్న ఓడ కదా అని, ప్రేమకొద్దీ, ఎండకు విచ్చుకున్న ఎడమ పక్క సందు సందుకూ ఒక పోగు ఎక్కువ దట్టించింది. చిన్న జల్లుకే మేకు లేస్తే, నడిసముద్రంలో పలకే ఊడివస్తుంది.

"ఆ మేకు దిగ్గొట్టేస్తే పోలా? ఎవరు చూశారత్తా?" అన్నాడు వడ్రంగి మేస్త్రీ.

"నేను చూశాను కదరా."

"పన్నెండు రోజుల పని! ఆరు రోజుల్లో పీకి మళ్ళీ కుక్కుతావా? నీకేమన్నా పది చేతులున్నాయా?"

"తప్పు చేసింది ఈ రెండే. దిద్దేదీ ఇవే. పక్కకి జరుగు, వెలుతురు అడ్డం."

మేస్త్రీ గొణుక్కుంటూ వెళ్ళాడు. పావుగంటలో నార పీకే కొక్కేలన్నీ పదును పెట్టించి తెచ్చి ఆమె పక్కన పడేశాడు, కోపంగానే. ఓడలకు రంగులు వేసే ఆమె వదిన, ఎవరూ అడక్కుండానే, తారు గీకడానికి కూర్చుంది. తాళ్ళు పేనే నారత్త భర్త నార విడదీస్తూ, "పెళ్ళయిన రోజు నుంచీ నీ చిక్కులు విప్పడమే నా పని" అన్నాడు. "నోటితో కాదు, చేత్తో విప్పు" అంది ఆమె. మూడో రోజుకు ఆమె వేళ్ళు వాచాయి. గేటు కాపలా ఆయన పొద్దున్నా సాయంత్రం గిన్నెడు వేణ్ణీళ్ళు ఆమె దగ్గర పెట్టి వెళ్ళేవాడు. అలాంటివాళ్ళ చేతుల్లోనే దేవుడు ఉంటాడేమో అనిపించేదామెకు. చేతులు ముంచుకుని, తుడుచుకుని, మళ్ళీ సుత్తి పట్టేది.

ఆరో రోజు పొద్దున్నకు చివరి సందు ముగిసింది. పోటుకు గేట్లు తెరిచారు. నారత్త ఓడ కడుపులోకి దిగి ఎడమ పక్కన చతికిలపడింది. కాసేపటికి పలకల మధ్య నీటిచుక్కలు మొలిచాయి. చుక్కలు ధారలయ్యాయి.

"అత్తా, కారుతోంది! గేటు మూయించనా?" అని అరిచాడు మేస్త్రీ.

"కారనీ. చెక్క దాహంతో ఉంది, తాగనీ."

మేస్త్రీ నీళ్ళు తోడే పంపు ఆడిస్తూనే ఉన్నాడు. ఆమె అరచెయ్యి పలక మీదనుంచి తీయలేదు. మధ్యాహ్నానికి ధారలు సన్నబడ్డాయి. పొద్దు వాలేసరికి పలకలు ఒకదాన్నొకటి ఒత్తుకుని, ఆఖరి చుక్క కూడా ఆగింది. మేస్త్రీ పక్కనే చిన్న పడవేసుకుని బయటి మేకులు అందినన్ని తడిమి, ఆ తర్వాత లోపలివన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాడు.

"ఒక్కటీ కదల్లేదత్తా!"

"నా మోకాళ్ళూ కదలట్లేదు. చెయ్యివ్వు, పైకెక్కాలి."