అక్క కొలతకు తెచ్చిన గ్రాఫిక్స్ కార్డు

ఒక వస్తువు మీద మనసు పడితే అది ఇంటికి వచ్చేదాకా అన్నం సహించని వయసు ఒకటుంటుంది. నాకు ఆ వయసు డిగ్రీ మొదటి సంవత్సరంలో వచ్చింది. ఆ వస్తువు గ్రాఫిక్స్ కార్డు, కంప్యూటర్‌లో ఆటల బొమ్మలు మెరుగ్గా కనపడేలా చేసేది. అప్పటికి ఇబ్రహీంపట్నంలో మా ఇంట్లో ఉన్న కంప్యూటర్ ఏదో ఆఫీసువాళ్లు వాడి వాడి వదిలించుకున్నది. బాపు దాన్ని సెకండ్ హ్యాండ్‌లో తెచ్చి, బియ్యం డ్రమ్ము పక్కన పెట్టి, "మంచిగ సదువుకోండ్రి" అన్నాడు. చదువుకున్నాం, కాసేపు. మిగతా సమయమంతా నేనూ అక్కా కార్ల పందెం ఆడేవాళ్లం. ఇద్దరికీ ఒకటే కీబోర్డు కాబట్టి పని పంచుకున్నాం: కారు తిప్పడం అక్క వంతు, వేగమూ బ్రేకూ నా వంతు. (ఇద్దరు కలిసి ఒకే కారు నడిపితే ఏమవుతుందో వేరే చెప్పాలా? మేము గుద్దని గోడ లేదు, గుద్దిన ప్రతిసారీ తప్పు రెండోవాళ్లదే.)

ఆ ఏడే అక్కకు మహేశ్వరం సంబంధం కుదిరింది. "ఎంత దూరమని, బస్సెక్కితే వచ్చేస్తది" అని అందరూ తేలిగ్గా అనేవాళ్లు. నేను మాత్రం ఆ బస్సుకు ఎంతసేపు పడుతుందో రోజూ లెక్కవేసుకునేవాణ్ని. సరిగ్గా అప్పుడే దోస్తు దగ్గర ఒక కొత్త ఆట దొరికింది. అందులో ఒక రోడ్డు సముద్రం పక్క నుంచి పోతుంది. అక్క పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. మా కంప్యూటర్ ఆ సముద్రాన్ని నీలం తాడిపత్రి పట్టా పరిచినట్టు చూపించింది. ఇక కారైతే చెయ్యెత్తిన ప్రతి చోటా ఆగే బస్సులా నాలుగడుగులకోసారి ఆగింది.

"గిదేం సముద్రంరా, మన పెద్దచెరువే నయం" అని నవ్వి, "జర మంచిగ కనవడితే ఎంత బాగుండు, నేనెన్నడు చూడకపోతి" అంది అక్క. అంతే. పెళ్లిలోపు అక్కకు ఆ సముద్రం చూపించకపోతే నేను తమ్ముణ్నే కాదనుకున్నాను.

ఇక కార్డు ఎంపిక మొదలైంది. పెళ్లికొడుకును వెతకడానికి బాపు కూడా అన్ని విచారణలు చేయలేదు. ఒక వీడియోలో మెచ్చుకున్న కార్డును ఇంకో వీడియోలో తిట్టేవారు. ఒక కార్డు మా పాత ప్రాసెసర్‌కు ఎక్కువ, ఇంకొకటి కరెంటు ఎక్కువ తాగుతుంది, మా కంప్యూటర్ పవర్ సప్లైకి అంత ఓపిక లేదు. చివరికి వేరే వైరు అక్కర్లేకుండా మదర్‌బోర్డు నుంచే కరెంటు తీసుకునే కార్డు ఒకటి తేలింది. అదే రెండు రకాలు: ఒక ఫ్యానుతో పొట్టిది, రెండు ఫ్యాన్లతో పొడుగుది. సిటీలో దుకాణానికి ఫోన్ చేస్తే, "ముందుగాల డబ్బా లోపల ఎంత జాగ ఉందో కొలుచుకొని రా తమ్మీ. మళ్ల పట్టలేదంటే వాపస్ తీసుకోను" అన్నాడు దుకాణం అన్న.

కొలతలంటే మా ఇంట్లో అక్కే. వాడకట్టులో సగం మంది జాకెట్లు ఆమే కుట్టేది. మెడలో ఎప్పుడూ ఉండే టేపు తీసి, కేబినెట్ లోపల పెట్టి చూసి, చీటీ మీద "పది ఇంచులు" అని రాసిచ్చింది. పది ఇంచులున్నప్పుడు పొట్టిదెందుకు? రెండు ఫ్యాన్లదే తీసుకుని, బస్సులో చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

పట్టలేదు. నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా, దేవుడికి దండం పెట్టుకుని కూడా చూశాను. హార్డ్ డిస్క్ ఉండే ఇనుప అర అడ్డం వస్తోంది.

"అక్కా, ఎంత కొలిచినవే?"

"ఎనిమిదుండె. కుట్లకు రెండించులు వదిలి పది రాసిన."

"కంప్యూటర్‌కు కుట్లేందే!"

"ఏమోరా, చేతికి గదే అలవాటు. బిగుతైతే మళ్ల ఇప్పుకోవాలె గదా" అంది, ఏడుపు మొహం పెట్టి. బాపు మాత్రం మంచం మీద పడి పడి నవ్వి, "బిడ్డా, అత్తగారింట్ల గిసొంటి కొలతలు చెప్పకు" అన్నాడు.

అక్క ఊరుకోలేదు. "గా అరను ఇప్పెయ్యి" అంది. మరలు తీసి అర బయటపడేశాం. మరి హార్డ్ డిస్క్ ఎక్కడ ఉండాలి? తన పెళ్లి జాకెట్ లైనింగులో మిగిలిన ముక్కతో చిన్న సంచి కుట్టి, హార్డ్ డిస్క్‌ను అందులో పడుకోబెట్టి, కేబినెట్ అంచుకు వేలాడదీసింది. (సంచికి కూడా ఆమె కుట్లకు జాగా వదిలింది. ఈసారి సరిపోయింది.)

కంప్యూటర్ ఆన్ అయింది. సముద్రం వచ్చింది. అలలు కదిలాయి, నీళ్ల మీద ఎండ మెరిసింది. అక్క కారును రోడ్డు దించి ఇసుక మీదికి తిప్పి, వేగం మీటపై ఉన్న నా వేలు తీసేసింది. వెనకున్న కార్లన్నీ రయ్యిన దాటిపోయాయి.

"నడుపక్కా! ఆఖరుకొస్తున్నం!"

"ఆగురా జర. చూడనియ్యి."

ఆఖరుకే వచ్చాం. నాకు ఒళ్లు మండింది. ఇంత కష్టపడి కార్డు తెస్తే పందెం ఓడగొట్టిందని అలిగాను. ఆ సాయంత్రమూ, మర్నాడంతా అక్కతో మాట్లాడలేదు. అప్పటికి పెళ్లికి నాలుగు రోజులే ఉన్నాయి.

ఇప్పుడు నాకు సొంత సంపాదన ఉంది, ఏ ఆటైనా ఆడించగల కంప్యూటర్ ఉంది. రెండు చేతులతో నేనే నడుపుకుంటాను, చాలాసార్లు మొదటివాడిగానే వస్తాను. అక్కకు ఇద్దరు పిల్లలు, ఫోన్ చేస్తే రెండు నిమిషాలు కూడా తీరదు. ఉన్న నాలుగు రోజుల్లో ఒకటిన్నర రోజు అలక మీద ఖర్చు చేసిన ఆ మొద్దును తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ప్రాణమూ ఉసూరుమంటుంది. వాడు ఒక్కసారి ఎదురుపడితే చెవి మెలిపెట్టి, "పోరా, పోయి అక్క పక్కన కూసో" అని లోపలికి తోసేవాణ్ని.