నేను బల్లగుద్ది చదివించిన రహస్య పత్రం

1979లో నంద్యాలలో నేను వకీలుగా సొంత బోర్డు పెట్టుకుని ఏడాది అయింది. బోర్డు పెద్దది, కేసులు తక్కువ. అలాంటి రోజుల్లో బేతంచెర్ల నుంచి ఓబుళేసు వచ్చాడు. అతని మీసాలు చూసి మా గుమాస్తా లేచి నిలబడ్డాడు.

ఎప్పుడో ఒక తగవులో చెయ్యి చేసుకున్నందుకు పోలీసులు అతని మీద హిస్టరీ షీట్ తెరిచారు. అంటే అనుమానితుడి రాకపోకలు రాసే రహస్య రికార్డు. కేసు కొట్టేశారు గానీ, షీటు మూయలేదు.

"దినామూ పొద్దున్నే కానిస్టేబుల్ వంటింటి దాకా వస్తాండాడు సార్. పోలీసులు ఎంట తిరిగే మనిషి మాకొద్దంటాండారు క్వారీవాళ్లు. నా మేస్త్రీ పని పోతాది."

ఇంటి మీద నిఘాకు హద్దులుండాలని సుప్రీంకోర్టు అప్పటికే చెప్పింది. ఆ తీర్పులు నాకు కంఠతా వచ్చు, వినేవాళ్లే లేరు. ఇంజంక్షన్, అంటే ఆ పని ఇక చేయవద్దనే ఉత్తర్వు కోరుతూ దావా వేశాను.

విచారణకు క్వారీ కూలీలంతా దిగారు. షీటు రహస్యమని, కోర్టులో చదవడం కుదరదని ప్రభుత్వ ప్లీడరు అడ్డుపడ్డాడు. నాకు పూనకం వచ్చింది. పౌరుడి గురించి రాసింది పౌరుడి ముందు చదవాల్సిందేనని బల్ల గుద్దాను. వెనక నుంచి ఓబుళేసు నా కోటు లాగాడు.

"వద్దులే సార్. ఇడ్సిపెట్టు."

"నువ్వు కూర్చోవయ్యా, నేనున్నా కదా!"

మున్సిఫ్ గారు నా మాటే ఒప్పుకున్నారు. బెంచి గుమాస్తా గొంతు సవరించుకుని చదివాడు.

"సోమవారం. అనుమానితుడు వంటింట్లో జొన్నరొట్టె తట్టుచుండెను. మంగళవారం. రొట్టె తట్టుచుండెను. గుండ్రముగా లేదని భార్య గద్దించెను. బుధవారం. రొట్టె గుండ్రముగా వచ్చెను. మిక్కిలి మెత్తగా ఉండెను."

కూలీలు తువ్వాళ్లు నోట్లో కుక్కుకున్నారు.

"మెత్తగా ఉన్నట్టు కానిస్టేబుల్‌కు ఎలా తెలిసింది?" అని మున్సిఫ్ గారు అడిగారు. ఇంజంక్షన్ వచ్చింది.

కోర్టు మెట్ల మీద సంబరంగా చెయ్యి చాచాను. ఓబుళేసు పట్టుకోలేదు.

"మా ఆడమనిషికి కీళ్లనొప్పులు, చేతులాడవు. రొట్టెలు నేనే చేస్తాండా. తప్పేందీ? ఇన్నేండ్లూ ఆ పోలీసోనికి ఒక్కనికే తెలుసు. వాడు యాడా నోరిప్పలే. నువ్వు కూలోళ్లందరి ముందరా సదివిస్తివి గదప్పా!"

నాకు తల కొట్టేసినట్టయింది. మేస్త్రీ పని నిలిచింది గానీ, ఆ మీసాలకు ఇక క్వారీలో ఎవరూ భయపడలేదట. అప్పటి నుంచి ఏ కాగితం కోర్టులో పెట్టినా, అందులో పదిమందికీ తెలియకూడనిది ఏముందని ముందు క్లయింటునే అడిగేవాణ్ణి. ఓబుళేసు గుట్టును ప్రభుత్వం చివరిదాకా కాపాడాలనే చూసింది. బయటపెట్టింది అతను ఫీజిచ్చి పెట్టుకున్న వకీలు.