తప్పు ఓవెన్‌దా, అమ్మమ్మదా?

బేకరీలో మూడు ఓవెన్లు. కొత్తవి రెండింటికీ అద్దాల తలుపులు. ఇనప తలుపున్న మూడోది, ముసలిది, అమ్మమ్మది. కాగితాల్లో రాసి లేదు గానీ, ముప్పై ఏళ్లుగా దాని ముందు ఆమె తప్ప ఇంకెవరూ నిలబడలేదు. తాతయ్యని ఎవరేమన్నా నవ్వి ఊరుకునేది. ఓవెన్‌ని పల్లెత్తు మాటంటే మాత్రం చీపురు అందుకునేది.

ఈ మధ్య అందులో కాలిన బ్రెడ్డు వేలెడు తక్కువగా పొంగుతోంది.

"ఈ డొక్కుదాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేస్తా," అన్నాడు ఓనరు.

"నీకు నిక్కరు జారే రోజుల నుంచీ నీకు తిండి పెడుతున్నది ఇదే కదా బాబూ! దానికేం రోగం లేదు."

"మరి రోగం ఎవరికి పెద్దమ్మా, నీ చేతికా?"

అమ్మమ్మకి రెండువైపులా చిక్కే. ఓవెన్ పోయినా కష్టమే. చెయ్యి పోయిందని తేలితే ప్యాకింగు బల్ల దగ్గర కూర్చోబెడతారు.

ఓనరు చెల్లెలు గణాంకశాస్త్రం చదివిన పిల్ల. "అన్నయ్యా, ఎప్పుడూ ఒకే మనిషి, ఒకే ఓవెన్. ఇలాగైతే తప్పెవరిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. విడదీసి చూద్దాం," అంది.

గోడకి ఓ కాగితం అంటించింది. అమ్మమ్మ, కొత్త ఓవెన్ల దగ్గర పనిచేసే పొడుగాయన, మీసాలాయన, ముగ్గురూ రోజుకో ఓవెన్ మారాలి. మూడు రోజులు గడిచేసరికి ప్రతివాళ్లూ ప్రతి ఓవెన్ దగ్గరా ఒక రోజు పనిచేసి ఉండాలి. ఎవరెక్కడ మొదలుపెట్టాలో చీటీలు తీశారు. ఒకే పిండి, ఒకే తూకం, మనిషికి రోజుకి ఆరు బ్రెడ్లు.

ముసలి ఓవెన్ ముందు మీసాలాయన నిలబడ్డ రోజు అమ్మమ్మ ప్రాణం అక్కడే కొట్టుకుంది. "తలుపు మెల్లిగా వెయ్యవయ్యా, దానికి నడుం నొప్పి!"

"దానికా, నీకా?" అన్నాడాయన.

మొత్తం యాభై నాలుగు బ్రెడ్లు. ఒక్కోదాని ఎత్తూ స్కేలుతో కొలిచి, పిల్ల లెక్కలు కట్టింది. ఎలా కట్టిందో అడగొద్దు, అమ్మమ్మకీ తెలీదు, ఆమె మనవలకి అసలే తెలీదు.

"ఒకే చెయ్యి, ఒకే ఓవెన్, ఒకే రోజు. అయినా ఆరూ సమానంగా రాలేదు చూడు పెద్దమ్మా. ఆ మాత్రం తేడా ఎప్పుడూ ఉండేదే. ఓవెన్ల మధ్య తేడా దానికి చాలా రెట్లుంటేనే ఓవెన్‌ని అనాలి."

"ఉందా మరి?"

"లేదు. ఇంచుమించు అంతే ఉంది. రోజుల మధ్యా అంతే."

అమ్మమ్మ ఓవెన్ మీద చెయ్యేసి ఓనరు వైపు దర్జాగా చూసింది.

పిల్ల గొంతు తగ్గించింది. "మనుషుల మధ్య తేడా మాత్రం ఆ మామూలు తేడాకి ఇరవై రెట్లుంది. ఏ ఓవెన్‌లో కాల్చినా నీవే తక్కువ పొంగాయి."

దర్జా కాస్తా దిగిపోయింది. "ఎందుకలాగ?"

"ఎక్కడుందో చెప్తుంది లెక్క. ఎందుకో చెప్పదు."

ఓనరు కళ్లు ప్యాకింగు బల్ల మీదకి వెళ్లాయి. అమ్మమ్మ అది చూసి గొంతు సవరించుకుంది.

"చెయ్యి బాగానే ఉంది బాబూ. మధ్యమధ్య తలుపు తెరుస్తుంటాను."

"ఏంటీ?"

"నా దానికి అద్దం లేదుగా, ఎలా ఉన్నాయోనని తెరిచి చూసే అలవాటు. ఈ మధ్య చూపు ఆనక అస్తమానూ తెరుస్తున్నా. కొత్తవాటి తలుపులూ తెరిచా. మనసాగదు."

మీసాలాయన పగలబడి నవ్వాడు. "ఈ వేడంతా ఎక్కణ్ణుంచి వస్తోందా అని మేం చెమటలు కక్కుతున్నాం! లోపలి వేడి బయటికొచ్చేస్తే బ్రెడ్డేం పొంగుతుంది?"

నాలుగో రోజు అమ్మమ్మ ఆరు బ్రెడ్లు ముసలి ఓవెన్‌లో పెట్టి, ఎదురుగా స్టూలు మీద చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. నాలుగుసార్లు లేచింది. నాలుగుసార్లూ పొడుగాయన దగ్గాడు, మళ్లీ కూలబడింది. టైమయ్యాక తీస్తే ఆరూ గుమ్మటాల్లా ఉన్నాయి.

"తేలిపోయింది! అదీ ఉంటుంది, నువ్వూ ఉంటావు," అన్నాడు ఓనరు.

"ఆరంటే ఆరు చూసి తీర్పు చెప్పేస్తావేంటి బాబూ? ఇవాళ పిండే మంచిదేమో!" అంటూ అమ్మమ్మ అప్పుడే రెండో వాయికి పిండి తూస్తోంది.