అద్దం వేసిన పటం

మగ్దలేనమ్మకు నాలుగేళ్ల వయసులో తట్టు పోసి చూపు పోయింది. ఇప్పుడు నలభై దాటాయి. పాడేరులో ఒక చర్చి హాస్టల్లో పిల్లలకు పాటలు నేర్పుతుంది. ఊళ్లో కొత్తగా కట్టిన ఒక ఆఫీసులో, చూపు లేనివాళ్లు వేళ్లతో తడిమి దారి తెలుసుకునే పటం పెడతామంటే రెండు నెలలు దాన్ని చేసేవాళ్లతో కూర్చుంది. మెట్లు, ర్యాంపు, పింఛన్ల గది అన్నీ వేలికి సరిగ్గా తగిలేదాకా వాళ్లను వదల్లేదు.

ఆఫీసు తెరిచాక వెళ్లి పటం మీద చేయి పెడితే నున్నగా అద్దం తగిలింది.

"చేతులు పడితే మాసిపోద్దని సారు అద్దం ఏయించారమ్మా," అన్నాడు అటెండరు సన్యాసిరావు.

"చేతులు పడ్డానికే కదా బాబూ సేసింది?"

రెండు అర్జీలు పెట్టింది. చూస్తామన్నారు. మూడోసారి అర్జీ లేకుండానే వచ్చి, సన్యాసిరావు చేయి పట్టుకుంది. పింఛన్ల గదికి, మంచినీళ్లకు, బాత్రూముకు, మళ్లీ గుమ్మానికి, ఎక్కడికైనా అతనే తీసుకెళ్లాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి అతనికి కాళ్లు పీకాయి. స్క్రూడ్రైవరు తెచ్చి అద్దం ఊడదీశాడు.

"సారు అడిగితే మీ పేరే సెప్తాను."

"సెప్పు."

మరుసటి వారం ఆమె పటం తడిమి చూసుకుని, ఒక్కతే ఎడమవైపు మూడో గదికి వెళ్లింది. తలుపుకు తాళం వేసి ఉంది.

"పింఛన్లోళ్లని నిన్ననే మేడ మీదకి మార్చారమ్మా."

"మరి పటంలో మార్చారా?"

మగ్దలేనమ్మ విసుగ్గా నిట్టూర్చి బెంచీ మీద కూర్చుంది.

"బేగి కాయితం తే. నేను సెప్తాను, నువ్వు రాయి."