ఏడో ఫారం

దయ్యం పట్టిందని ఎవరైనా అంటే ముందు బీపీ చూసే మనిషిని నేను. పందొమ్మిదేళ్లుగా నారాయణఖేడ్ చుట్టుపక్కల ఊళ్లలో నర్సమ్మను. ఇది ఇన్నాళ్లలో ఒక్కరికే చెప్పాను.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు, చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి ఫారాలు నింపే పని నా మీద పడింది. వయసెంత, షుగర్ ఉందా, జ్వరం వచ్చిన ఎన్నో రోజున దవాఖానకు తెచ్చారు. నాలుగు ఊళ్లు తిరిగేసరికి జవాబులు అడగక ముందే తెలిసిపోయేవి. యాభై దాటిన మనిషి, షుగర్, టైఫాయిడ్ అని చెప్పుకుని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు, ఆయాసం ముదిరాక తొమ్మిదో రోజో పదో రోజో దవాఖాన. కరోనా అంటే వాకిట్లోకి ఎవరూ రారని భయం. పరువు నిలిచేది, మనిషి పోయేవాడు. చెప్పీ చెప్పీ విసిగిపోయాను.

ఒక మధ్యాహ్నం నాగల్‌గిద్ద వైపు ఆరు ఇళ్లు తిరిగి వచ్చి కాగితాలు సర్దుతున్నాను. ఏడున్నాయి.

ఏడోదాంట్లో పేరు లేదు. చేతిరాత మాత్రం నాదే. మగ, యాభై నాలుగు, పన్నెండేళ్లుగా షుగర్. టైఫాయిడ్ అని మూడు బాటిళ్ల గ్లూకోజు. దవాఖానకు తెచ్చింది తొమ్మిదో రోజు. చిరునామా దగ్గర మా వీధి.

మా ఆయనకు యాభై నాలుగు. షుగరూ అన్నేళ్లుగానే. జ్వరం మాత్రం లేదు, నాకు తెలిసి. భయం వేసి ఫోన్ చేశాను. గ్లూకోజు ఎక్కించుకుంటున్నావా అని అడిగాను.

"నీకెవలు చెప్పిండ్రు? ఇప్పుడే మూడోది పెడుతుండు," అన్నాడు. "నువ్వే పరేషాన్ల ఉన్నవని చెప్పలే."

అయిదు రోజులుగా జ్వరమట. నా వల్ల అంటుకుంటుందని నేను వేరే గదిలో పడుకునేదాన్ని, అందుకే తెలియలేదు. దీపం కిందే చీకటి. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంటికి వెళ్లి వేలికి ఆక్సీమీటర్ పెడితే ఎనభై ఎనిమిది. అప్పటికప్పుడు సంగారెడ్డి తీసుకుపోయాం. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే కష్టమయ్యేదని డాక్టర్ అన్నాడు. పదహారు రోజులకు ఇంటికి వచ్చాడు.

అలసటలో నేనే రాసి ఉంటానని సర్దిచెప్పుకున్నాను. కానీ నేను ఆ కాగితం చూసేటప్పటికి మూడో బాటిల్ ఇంకా పెట్టనే లేదు.

తర్వాత టీకాల పని మీద కల్హేర్ వెళ్లినప్పుడు రిజ్వానాకు ఇదంతా చెప్పాను. ఆమె భర్త ఫారం నింపింది నేనే. అతనికీ షుగర్, అవే గ్లూకోజు బాటిళ్లు, పదో రోజు. అంతా విని నాకు చాయ్ పోసింది.

"మరి మా ఆయనది ముందుగాల్నే ఎందుకు రాయలే అక్కా?" అంది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది.

ఆ ఫారం ఎలా వచ్చిందో, ఆమె ఇంటికి ఎందుకు రాలేదో నాకు ఈరోజుకీ తెలియదు. చాయ్ తాగకుండానే లేచి వచ్చేశాను.