గార్డుకు కట్టిన పసుపు దారం

నాచారంలో మా అన్న వడ్రంగి షెడ్డులో నేను పనికి చేరిన మొదటి రోజే మా ఇద్దరికీ పేచీ మొదలైంది. ప్లైవుడ్ కోసే చేతి మిషన్ ఉంటుంది కదా, గుండ్రని బ్లేడుది. ఆ బ్లేడు కింది సగాన్ని ఒక గార్డు కప్పి ఉంచుతుంది. చెక్క మీద తోసినప్పుడు వెనక్కి జరుగుతుంది, కోత అయిపోగానే స్ప్రింగు లాగి బ్లేడును మూసేస్తుంది. మా అన్న దాన్ని వెనక్కి లాగి తీగతో కట్టేశాడు. మా అన్నే కాదు, మల్లాపూర్ దాకా నేను చూసిన షెడ్లన్నిట్లో ఇదే తంతు.

"అడ్డం పడ్తది చెల్లె. సన్న పట్టీలు కోసేటప్పుడు గీత కనవడదు," అన్నాడు.

అడ్డం పడే మాట నిజమే. ప్లగ్గు పీకి చూస్తే గార్డు సందుల్లో జిగురు, రంపపు పొట్టు గట్టిపడి ఉన్నాయి. కిరోసిన్ బ్రష్షుతో శుభ్రం చేస్తే చక్కగా కదిలింది. మర్నాడు మళ్లీ తీగ. నేను విప్పడం, ఆయన కట్టడం. నాకు ఒళ్లు మండిపోయేది.

అన్న నేల మీద గొంతుక్కూర్చుని, పలకను ఎడమ కాలితో తొక్కిపట్టి కోస్తాడు. కోత అవగానే స్విచ్ వదిలి, బ్లేడు ఇంకా తిరుగుతుండగానే మిషన్‌ను ఆ కాలి పక్కనే పెడతాడు. గార్డు లేని బ్లేడు నేలను తాకితే మిషన్ వెనక్కి, మనిషి మీదికే ఉరుకుతుంది. ఒకసారి అలాగే ఉరికి ఆయన చెప్పు అంచు కోసేసింది. ఆయన నవ్వేసి చెప్పును మూలకు విసిరాడు.

దసరాకు మిషన్లన్నిటికీ బొట్లు పెట్టి పూజ చేశాం. పూజ దారం మామూలుగా పిడికి కడతాం. ఈసారి అన్న పసుపు దారాన్ని మందంగా పేని, దానితోనే గార్డును వెనక్కి లాగి కట్టాడు. నాకు భక్తి ఎక్కువని ఆయనకు తెలుసు.

"ఇగ తెంపు సూద్దాం. అమ్మవారి దారం," అన్నాడు.

ఆ గడుసుతనానికి నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. కానీ వదిలిపెట్టే రకం కాదు నేను. పండుగ తర్వాత ఉప్పల్‌లో ఒక ఇంటికి వంటగది అరలు చేయాల్సి వచ్చింది. అన్న కోతకు కూర్చోగానే ప్లగ్గు నా పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాను.

"ప్లగ్గు పెట్టు."

"గార్డు విప్పినంకనే."

"పొద్దుపొద్దుగాల ఏంది లొల్లి?"

"భయమైతుంది అన్నా. నువ్వు గా మిషన్ కింద పెట్టినప్పుడల్లా నా పానం పోతుంది."

ఆయన దారం మీద చెయ్యి వెయ్యలేదు. నేనే కత్తెర అందుకున్నాను. దారాన్ని వేలితో తాకి కళ్లకద్దుకుని తెంపేశాను. గార్డు టక్కున మూసుకుంది.

"పాపమైతది," అన్నాడు అన్న మెల్లగా.

"అయితే నాకైతది. నువ్వు రెండు కాళ్ల మీద నడవాలె."

ప్లగ్గు పెట్టాను. కోత మధ్యలో బ్లేడును పలక బిగబట్టకుండా, గీతకు రెండు పక్కలా పలక కింద కర్రలు పెట్టాను. అన్న కోసి, ఎప్పటి అలవాటుగానే, తిరుగుతున్న మిషన్‌ను కాలి పక్కన పెట్టేశాడు. అది పెట్టినచోటే ఉండిపోయింది. బ్లేడు గార్డు లోపలే తిరిగి తిరిగి ఆగింది. అన్న తన కాలి వంక చాలాసేపు చూశాడు, ఆ తర్వాత ఆ కాలిని దగ్గరికి లాక్కున్నాడు.

రెండో పలక కోశాక బ్లేడు పూర్తిగా ఆగేదాకా మిషన్‌ను రెండు చేతుల్లోనే పట్టుకుని ఉన్నాడు. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. అయినా ఏమీ అనలేదు. ఒక్క మాట అన్నానంటే పంతానికి మళ్లీ తీగ వెతుక్కుంటాడు.