తప్పు తరఫు ప్లీడరు

బస్సు చిలకలూరిపేటకి దగ్గరపడుతుంటే కిటికీలోంచి పత్తిగింజల జిడ్డు వాసన వస్తుంది. పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నేను మెడ చాచి మరీ పీల్చుకుంటాను. ఆ వాసన తగిలితే చాలు, జిన్నింగు మిల్లు వెనక వీధిలోని సలోమీ టీచర్ గారి వరండా కళ్ళముందు నిలబడుతుంది. గాలికి కొట్టుకొచ్చిన దూది పోగులు జుట్టుకి అంటుకుంటుంటే, ఆ వరండాలో ఒక ఎండాకాలమంతా ముగ్గురం కెమిస్ట్రీతో కుస్తీ పట్టాం.

ముగ్గురమూ ఇంటర్లో ఆ ఒక్క సబ్జెక్టే తప్పినవాళ్ళం. ఖాసిం మా క్లాసు వాగుడుకాయ. పద్మ పుస్తకమంతా బట్టీ పట్టేది కానీ ప్రశ్న కాస్త తిప్పి అడిగితే తెల్లమొహం వేసేది. నా జబ్బు వేరు. వచ్చిన జవాబు మీద కూడా నాకు అనుమానమే. తప్పు రాసి నవ్వులపాలయ్యేకంటే ఖాళీగా వదిలేయడమే మర్యాద అనుకుని, సగం పేపరు తెల్లగా ఇచ్చి వచ్చాను. మా అమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. ఫెయిలయ్యానని తెలిసి నన్ను తిట్టలేదు. "సప్లిమెంటరీ కూడా పోతే నాతోపాటు తొడిమలకి వచ్చెయ్యమ్మా. ఒక్కదాన్ని ఎంతకని లాగను?" అంది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన సలోమీ టీచర్ మా చర్చి మనిషే. అమ్మ వెళ్ళి అడిగితే, "పంపించు. కాకపోతే నా పద్ధతి చూసి ఏడవకూడదు" అన్నారట. ఆ పద్ధతి మొదటిరోజే తెలిసింది. చిక్కు ప్రశ్న ఒకటి చదివి, అందులో అందరూ పడే తప్పు జవాబేదో చూపించి, మాలో ఒకరిని దాని తరఫున వాదించమనేవారు. మిగతా ఇద్దరూ ఆ వాదాన్ని విరగ్గొట్టాలి. "దొంగకి కూడా కోర్టులో ప్లీడరుంటాడు. తప్పు జవాబేం పాపం చేసింది?" అనేవారు.

ఖాసింకి ఇది పండగే. మహా పలచని ఆమ్లం పీహెచ్ ఎంత అనే లెక్కలో, సూత్రాన్ని గుడ్డిగా వాడితే ఎనిమిది వస్తుంది. వాడు కాలరెగరేసి లేచాడు. "టీచర్, నా క్లయింటు ఎనిమిదండి. సూత్రమే చెబుతోంది. సూత్రం అబద్ధమాడుద్దా?"

"ఏడు దాటితే క్షారం కదరా! ఆమ్లంలో ఎన్ని బిందెల నీళ్ళు పోసినా అది క్షారం ఎట్టా అవుద్ది?" అని పద్మ విరుచుకుపడింది. బట్టీ పట్టని మాట తన నోట్లోంచి వచ్చేసరికి తనే బిత్తరపోయింది. టీచర్ పడీపడీ నవ్వారు.

నా వంతు వస్తే మాత్రం, "ఏమో టీచర్, తప్పేగా" అని కూర్చునేదాన్ని. "ప్లీడరే కేసు వదిలేస్తే ఎట్టాగమ్మా?" అనేవారే తప్ప ఎన్నడూ కసురుకోలేదు. ఆవిడ ఓపిక చూస్తే నాకే సిగ్గేసేది.

ఒకరోజు ప్రశ్న ఇది. సీసాలో తడి ఇనుప మేకులు వేసి మూత గట్టిగా బిగించారు. కొన్నాళ్ళకి మేకులు తుప్పు పట్టాయి. సీసాతో సహా తూస్తే బరువు పెరుగుతుందా, తగ్గుతుందా, అంతే ఉంటుందా? "పెరుగుద్ది. ఇనుముకి ఆక్సిజన్ తోడవుద్దిగా" అన్నాడు ఖాసిం. టీచర్ తలూపి, "సరే, 'అంతే ఉంటుంది' తరఫున నువ్వు లే" అని నన్ను చూశారు.

లేచాను. ఆ తప్పు నాది కాదు, నాకు అప్పగించినది. అందుకేనేమో ఆ పూట నోరు పెగిలింది. "బయటినుంచి లోపలికి ఏమొచ్చింది టీచర్?" అన్నాను.

"ఆక్సిజన్ అన్నాంగా" అంది పద్మ.

"అది మూత బిగించినప్పుడే లోపలుంది. మేకులు బరువెక్కితే గాలి అంత తేలికవుద్ది. మొత్తం కలిపి తూస్తే తేడా ఎక్కడుంటుంది?"

టీచర్ మళ్ళీ ప్రశ్న చదువుకున్నారు. నేను వాదించింది తప్పు జవాబు కాదనీ, తప్పింది టీచరేననీ అప్పుడు నాకు అర్థమైంది. నా కాళ్ళు వణికాయి. "అయిపోయాం" అని గొణిగాడు ఖాసిం. టీచర్ కళ్ళజోడు తీసి, లోపలికి చూసి కేకేశారు. "ఏవండీ, కాఫీ పెట్టండి! సుజాత నన్ను ఓడించింది."

"దేంట్లో?" అన్నారు వాళ్ళాయన వంటింట్లోంచి.

"తుప్పులో!"

ఆవిడ మొహంలో నామోషీ లేదు, సంబరముంది. పెద్దవాళ్ళు అలా ఓడిపోవచ్చని అంతకుముందు నాకెవరూ చూపించలేదు. ఆవిడంటే నాకు ప్రాణమైపోయింది ఆ కాఫీ తాగుతుండగానే.

సప్లిమెంటరీ రాశాం. ఫలితాలు వచ్చిన రోజు అమ్మ పనినుంచి అప్పుడే వచ్చి, మిరప మంట నాకు అంటకుండా మోచేతులతోనే దగ్గరికి లాక్కుంది. తర్వాత టీచర్ గారింటికి పరుగెత్తాను. ఆవిడ మార్కులడగలేదు.

"ఖాళీలేమైనా వదిలావా?"

"లేదు టీచర్."

"మరి తప్పులు రాశావా?"

"రాశానండి."

"హమ్మయ్య!" అన్నారు, పాసైనట్టు వినేకంటే ఎక్కువ తృప్తిగా.

టీచర్ ఇప్పుడు లేరు. నేను సింగరాయకొండ దగ్గర ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. ధైర్యం వచ్చేసిందని మాత్రం అనుకోకండి. మొన్న మీటింగులో, తప్పినవాళ్ళని వేరే గదిలో కూర్చోబెడదామని పెద్దలంతా తీర్మానిస్తుంటే, అది తప్పండీ అనడానికి లేచాను. ఇన్నేళ్ళయినా అవే కాళ్ళు, అదే వణుకు. వణుకుతూనే చెప్పాల్సిందంతా చెప్పి కూర్చున్నాను.